జొన్నచేన్లో సీడీ

ఇంతియాజ్ చొక్కా జేబులో రెండు వస్తువులు ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఒకటి స్కూటర్ తాళంచెవి. రెండోది బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. వనపర్తిలోని మజీద్ డి.టి.పి. సెంటర్లో దాన్ని లాక్ అంటారు. కంప్యూటర్ వెనక, ప్రింటర్ తీగ పెట్టేచోట దాన్ని గుచ్చితేనే తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. పీకేస్తే మూతపడుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకు తెచ్చి గుచ్చుతాడు, సాయంత్రం ఆరున్నరకు పీకి జేబులో వేసుకుంటాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయినా వెంట తీసుకునే పోతాడు. ఆ గంటసేపు హుమేరా ఉత్త తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి.

హుమేరా అతనికి వదిన. ఆ దుకాణం పెట్టింది ఆమె భర్త అబ్దుల్ మజీద్. నాలుగేళ్ల కిందట కామెర్లు ముదిరి పోయాడు. ఆమెకు టైపు నేర్పింది కూడా అతనే, మొదట పాత టైపు మిషను మీద, తర్వాత కంప్యూటర్ మీద. ఊళ్లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కాలేజీ ప్రశ్నపత్రాలు చాలావరకు ఆమె వేళ్ల మీదుగానే అచ్చుకు పోతాయి. బోర్డు మీద మాత్రం పోయినవాడి పేరు పెద్దగా, దాని కింద ప్రొప్రయిటర్‌గా ఉన్నవాడి పేరు చిన్నగా రాసి ఉంటుంది. వేళ్లకు బోర్డు కట్టే అలవాటు ఎక్కడుంది గనక!

2008 జనవరి మొదటి వారంలో, దుకాణంలో నలుగురు గిరాకీలుండగా, ఇంతియాజ్ ఒక సంగతి బయటపెట్టాడు. ఇంట్లో వాళ్లు ఉర్దూ మాట్లాడుకుంటారు. కానీ వదినకు హుకుం జారీ చేసేటప్పుడు అతనికి తెలుగే ముద్దు, పదిమందికీ అర్థమవుతుంది కదా.

“భాభీ, పీర్ల పండ్గ అయినంక సోమవారం దుకాణం గద్వాలకు మారుస్తున్న. మా అత్తగారోళ్ల దుకాణం మల్గి ఖాళీ అయింది. నువ్వు, అమ్మీ మా ఇంట్లనే ఉందురు.”

“నేను ఈడ్నే ఉంట భాయ్. అమ్మీ కూడ ఈ ఇల్లు ఇడిసిపెట్టదు.”

“ఈడుండి ఏం జేస్తవ్?” అని నవ్వి, జేబు మీద రెండు వేళ్లతో తట్టాడు. “ఇది నాతోటి వస్తది గద.”

గిరాకీల్లో ఒకాయన కూడా నవ్వాడు. హుమేరా తల వంచుకుని ఆగిపోయిన పెళ్లిపత్రికను మళ్లీ అందుకుంది. 

గద్వాలలో ఏముంటుందో ఆమెకు తెలుసు. కిందటి ఏడాది ఇంతియాజ్ భార్య కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు అక్కడ నలభై రోజులుండి చూసింది. తెల్లారి లేచి పదిమందికి వంట, ఈసారి పగలంతా టైపు కూడా, పొద్దుగూకాక మళ్లీ వంట. తాను కూర్చునే చోటు, పడుకునే చోటు, తినే పొద్దు, అన్నీ ఇంకొకరు చెప్పాలి. వనపర్తిలో కనీసం తలుపు గడియ పెట్టుకునే హక్కయినా ఉంది. గద్వాలలో ఆ గడియ కూడా ఉండదు.

మరునాడు ఇంతియాజ్ అన్నానికి పోయిన గంటలో కృష్ణయ్య సార్ వచ్చాడు. ఆయన ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాడు, ఇంకో రెండు కాలేజీల పరీక్ష పేపర్లు కూడా ఆయనే చేయిస్తాడు. హుమేరా కొంగు సర్దుకుని అడిగింది.

“సార్, దుకాణం గద్వాలకు పోతుంది. నేను ఇంటికాడ టైపు చేసిస్తే తీస్కుంటరా?”

“గద్వాల దాంక ఎవరు తిరుగుతరమ్మా? తీస్కుంట.” ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. “గని ముందుగాల ఒక్క పేజీ చూపియ్యి. పీర్ల పండ్గకు ముందు శనివారం వస్త. తప్పులుండొద్దు. బాగుంటే మూడు కాలేజీలవి నీకే. లేకుంటే మహబూబ్‌నగర్‌లో ఇచ్చేస్త.”

ఇంటి దగ్గర కంప్యూటర్ ఉంది, ఉన్నమాట నిజమే. మజీద్ కొన్న పెంటియం-2, నూట ఇరవై ఎనిమిది ఎంబీల మెమరీ. వైరస్ పడి విండోస్ చచ్చిపోయి రెండేళ్లయింది. మెకానిక్ దాని డబ్బా విప్పి చూసి, “కొత్త విండోస్ దీనికి ఎక్కదక్కా, తూకానికి అమ్ముకో” అని పోయాడు. ఎక్కినా ఏం లాభం, తెలుగుకు మళ్లీ ఆ లాక్ కావాలి. ఎటు తిరిగినా ఇంతియాజ్ జేబే ఎదురయ్యేది.

నిజానికి ఆమె ఈ ప్రయత్నం మొదలుపెట్టింది ఇప్పుడు కాదు. మజీద్ కొని దాచుకున్న కంప్యూటర్ పత్రికలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. విండోస్ కాకుండా లినక్స్ అని ఇంకొకటుందనీ, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చనీ, పంచుకోవచ్చనీ, పాత కంప్యూటర్ల మీద నడిచే రకాలు కూడా ఉన్నాయనీ వాటిలో చదివింది. వాటికి లాక్ ఉండదన్న ఒక్క మాట చాలు, వానకాలం నుంచీ ఆదివారాలన్నీ దాని మీదే పెట్టింది.

మొదట ఉబుంటు. నెట్ సెంటర్ అతను సీడీ ఇస్తూ ప్రపంచమంతా వాడుతుందన్నాడు. ప్రపంచానికి మెమరీ ఎక్కువుంటుంది కాబోలు. ఆమె కంప్యూటర్లో అది అరగంటసేపు లైటు మినుకుమినుకుమనిపించేది, మౌసు ఇప్పుడు కదిపితే బాణం ఎప్పటికో కదిలేది. తర్వాత పత్రికతో వచ్చిన సీడీలో పప్పీ అని ఒకటి దొరికింది. పేరుకు తగ్గట్టు చలాకీగా ఎగిరి కూర్చుంది. ముసలి కంప్యూటర్ పడుచుదయిపోయిందని సంబరపడి ఒక తెలుగు ఫైలు తెరిస్తే, అక్షరాలకు బదులు వరసగా ఖాళీ డబ్బాలు. పప్పీకి తెలుగు తెల్వదు. ఇక మూడోది, హైదరాబాదులో కొందరు కుర్రాళ్లు చేరి తెలుగు కోసమే తయారుచేసిన లినక్స్. పాత కంప్యూటర్లకూ సరిపోతుందని పత్రికలో రాశారు. ఉత్తరం రాస్తే సీడీలు ఉచితంగా పంపుతామన్నారు. నవంబర్లో రాసింది. గల్లీలో తమ ఇంటికి నంబరు లేదని దుకాణం అడ్రసు ఇచ్చింది. చేసిన పొరపాటల్లా అదే.

కృష్ణయ్య సార్ వెళ్లిన సాయంత్రం చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే చింపిన కవరు కనిపించింది. దాని మీద ఆమె పేరు. లోపల మడతపెట్టిన ఉత్తరముంది, ఒకటి చెడితే ఇంకొకటని ఒకే రకం సీడీలు రెండు పంపామని అందులో ఉంది, సీడీలు మాత్రం లేవు. 

“భాయ్, నా పేరు మీద సీడీలొచ్చినయా?”

“గవా?” ఇంతియాజ్ లాక్ పీకుతూనే అన్నాడు. “మీద బొమ్మ లేదు, ఏం లేదు. ఉత్తవనుకున్న. బిజినేపల్లి సాయన్న పిట్టలకు కట్టుకుంటనంటే ఇచ్చిన.”

కోపం వస్తే అరిచే మనిషి కాదు హుమేరా. ఆ రోజు మాత్రం అరవలేకపోయినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఉత్తరం జాకెట్లో దోపుకుని ఇంటికి నడిచింది.

అత్త మున్నీబీ వాకిట్లో తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. నిద్రపట్టక దవాఖాన గోళీలు మింగి, వాటితో కూడా సరిగ్గా నిద్రపోక, పొద్దంతా చిరాకుగా ఉంటుంది. కోడలితో అవసరానికి మించి మాట్లాడదు. మాట్లాడినా సగం మాటలు ఇంతియాజ్ చెవిన పడతాయని హుమేరా నమ్మకం. అందుకే ఆదివారం పొద్దున, “బిజినేపల్లిల సహేలీ ఇంట్ల దావత్ ఉంది, పోయొస్త అమ్మీ” అని అబద్ధమాడింది. మున్నీబీ ఆమె సంచీ వైపు ఒకసారి చూసి, “పో” అంది.

సాయన్న కొడుకు పెళ్లిపత్రిక ఆమే టైపు చేసింది, అందుకే ఇల్లు అడిగి పట్టుకోవడం కష్టం కాలేదు. ఆయన చేనుకాడ ఉన్నాడు. జొన్న పాలుపోసుకుని, కంకులు గింజపట్టి ఉన్నాయి. గట్టు మీది నుంచి చూస్తే చేను నడుమ కట్టెకు దారంతో వేలాడుతూ ఆమె సీడీ గిర్రున తిరుగుతోంది. ఎండ తగిలినప్పుడల్లా తళుక్కుమంటోంది. ఆమె రెండు నెలల ఎదురుచూపు పిచ్చుకలను బెదిరించే పనిలో ఉంది.

“గిదా? గిది తీస్కపోతవా బిడ్డా?” సాయన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “దీన్ని కట్టినకాడికెళ్లి ఒక్క పిట్ట వాలలే. మస్తు పనిజేస్తుంది.”

“ఊకెనే అడుగుతలే పెద్దనాయనా. దీనికి బదులు గివి కట్టుకో.” సంచీలోంచి రెండు సీడీలు తీసిచ్చింది. ఆయన వాటిని ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, మెరుపు తక్కువ లేదని తేల్చుకున్నాక ఒప్పుకున్నాడు. ప్రపంచమంతా వాడే ఉబుంటు, చలాకీ పప్పీ అలా ఆ రోజు నుంచి బిజినేపల్లి జొన్నచేనుకు కాపలా ఉన్నాయి.

“ఇంకొకటి ఉండాలె గద?”

“అది మా మల్లమ్మ గుంజుకుంది.”

సాయన్న భార్య మల్లమ్మ దాన్ని ఇంట్లో గూట్లో నిలబెట్టుకుంది. బొట్టు పెట్టుకోడానికి అద్దంలా పనికొస్తుందట, కాకపోతే నడుమ చిల్లి ఉండటంతో ముక్కు కనిపించదట. హుమేరా తన సంచీలోని చేతి అద్దం తీసిచ్చింది. అందులో ముక్కుతో సహా ముఖమంతా కనిపించేసరికి మల్లమ్మ సీడీని కొంగుతో తుడిచి ఇచ్చింది. దాన్ని కవరులో పెట్టుకుంటుంటే, ఇంత హుషారు తనకు ఎన్నేళ్లకు వచ్చిందో హుమేరాకు గుర్తులేదు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. చేన్లో వేలాడిన సీడీ అరవైమూడు శాతం దగ్గర ఆగి గీరుమంది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే ఆగింది. గాలికి కట్టెకు కొట్టుకుని అడుగంతా గీతలు పడి ఉంది. రెండోదాన్ని బిస్మిల్లా అనుకుని పెట్టింది. అరవై, అరవైరెండు, అరవైమూడు, అరవైనాలుగు. సాయంత్రపు అసరు నమాజు దాటాక తెర మీద తెలుగులో ఒక ప్రశ్న వచ్చింది. మీ పేరు ఏమిటి? దుకాణంలో ఆ నాలుగేళ్లలో ఏ గిరాకీ అడగని ప్రశ్న అది. హుమేరా అని కొట్టింది.

సంబరం ఎంతోసేపు నిలవలేదు. తెలుగులో రాద్దామని కూర్చుంటే ఒక మీట నొక్కితే ఇంకో అక్షరం పడుతోంది. మజీద్ నేర్పిన మీటల వరస వేరు, ఇందులో వరస వేరు. పదకొండేళ్లుగా ఆమె వేళ్లకు తెలిసిన తెలుగు ఇక్కడ చెల్లలేదు. లాక్ ఇంతియాజ్ జేబులో ఒక్కటే ఉందనుకుంది, తన వేళ్లలో కూడా ఒకటి పడి ఉందని ఇప్పుడు తెలిసింది. కొత్త వరస నేర్చుకుని ఆ వేగం రావాలంటే ఏడాది పడుతుంది. చేతిలో ఉన్నది పదమూడు రోజులు. మీటల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కళ్లు తుడుచుకోడానికి లేచినప్పుడు ఆ హైదరాబాదు ఉత్తరం కిందపడింది. మొదట చదివినప్పుడు పట్టించుకోని ఒక వాక్యం చివర్లో ఉంది. ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే పట్టిక ఇందులో మామూలు రాత ఫైలే, మీకు అలవాటైన విధంగా మీరే మార్చుకోవచ్చు, అడగాల్సిన పని లేదు. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివింది. అడగాల్సిన పని లేదు. తన బతుకులో అట్లాంటి వాక్యం ఎవరూ ఆమెతో అనలేదు.

మార్చుదామంటే ఇంకో చిక్కు వచ్చింది. ఏ అక్షరం ఏ మీటలో ఉందో ఆమెకు తెలియదు! ఆమె వేళ్లకు తెలుసు, అడిగితే నోటితో చెప్పలేదు. అందుకని కళ్లు మూసుకుని, మనసులో ఒక పేరు అనుకుని, ఏ వేలు ఎటు కదిలిందో చూసి నోటుబుక్కులో రాసుకునేది. మల్లమ్మ, సాయన్న, ఇస్రాయేలు, మణెమ్మ, తాను టైపు చేసిన పెళ్లిపత్రికల్లోని పేర్లన్నీ వరసగా తలచుకుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి మొదలుపెడితే దుకాణం వేళదాకా అదే పని. ఒక్కో అక్షరం పట్టికలో ఎక్కించి, కొట్టి చూసి, తప్పయితే మళ్లీ దిద్దేది. ఒత్తులు మాత్రం మొండికేశాయి, వాటి దగ్గర వేళ్లనే కొంచెం దారికి తెచ్చుకుంది. మజీద్ కాలంనాటి మీటల పలక బండది. టకటకమని ఇల్లంతా మోగుతుంది.

నాలుగోనాడు మున్నీబీ తన మంచాన్ని లోపలి గది నుంచి కంప్యూటర్ ఉన్న ముందుగదికి ఈడ్పించుకుంది. ఎందుకని అడిగితే, “అక్కడ గాలాడ్తలేదు” అంది. జనవరి చలిలో గాలి కావాల్సొచ్చిందా అని హుమేరాకు ఒళ్లు మండింది. ఇక పొద్దున్నే వీపు వెనక ఆ మంచం. ముసలామె గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది, నిద్రపోతోందో వింటోందో తెలియదు. హుమేరా ఆగి నోటుబుక్కు తిప్పితే చాలు, “అయిపోయిందా?” అని గొంతు వస్తుంది. ఇంటిలో కూడా ఇంతియాజ్ చెవులు పెట్టి పోయాడని హుమేరా పళ్లు బిగబట్టుకుంది.

ఆ అనుమానం వారంలో గట్టిపడింది. దుకాణంలో ఇంతియాజ్ లాక్ గుచ్చుతూ, “నిన్న అమ్మీకాడికి పోయొచ్చిన. నువ్వు పొద్దుగాల్లనే లేస్తున్నవంట గద” అన్నాడు.  “అమ్మీకి గోళీలు కూడ వద్దంట ఇప్పుడు. మంచిగ నిద్రవడ్తుందంట. గద్వాలకు పోతే ఇంకా మంచిగైతది.”  ముసలామె ఇంకేం చెప్పిందో హుమేరా అడగలేదు, అడిగితే దొరికిపోతుంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా మాటలు తూచి మాట్లాడింది.

శుక్రవారానికి పట్టిక పూర్తయింది. శనివారం పొద్దున తెలుగు ప్రశ్నపత్రం ఒక పేజీ కొట్టి, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునేలా మార్చి, ఫ్లాపీలో వేసుకుని నెట్ సెంటర్లో ప్రింటు తీయించింది. మధ్యాహ్నం ఇంతియాజ్ లేని గంటలో కృష్ణయ్య సార్ ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చివరి నుంచి మొదటికి చదివాడు. తెలుగు పంతులు, తప్పు దొరక్కపోతే ఆయనకు అదో వెలితి. ఎర్రకలం జేబులో పెట్టుకుని, “బుధవారం మూడు పేపర్లు పంపిస్తనమ్మా, ఇంటికే” అన్నాడు.

ఆదివారం పీర్లు లేచి, ఊరేగి, వాగుకు పోయాయి. సోమవారం పొద్దున ట్రాలీ ఆటో ఇంటి ముందు ఆగింది. దుకాణం సామానంతా అందులో ఎక్కి ఉంది. ఇంతియాజ్ లోపలికొచ్చి చూస్తే పెట్టెలు కట్టి లేవు.

“ఏంది భాభీ, ఇంకా కదల్లేదు?”

“నేను వస్తలే భాయ్.” ఈ మాటను పదిహేను రోజులుగా మనసులో అనుకుంటూ ఉంది. పైకి అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇంటికాడ పని దొరికింది. ఈడ్నే చేసుకుంట.”

ఇంతియాజ్ నవ్వుతూ జేబు తట్టాడు. ఆమె కుర్చీలో కూర్చుని రెండు వాక్యాలు టైపు చేసింది. తెర మీద తెలుగు గుండ్రంగా, తీరుగా పడింది. అతను నవ్వు ఆపి, కంప్యూటర్ వెనక్కి వంగి, ప్రింటర్ తీగ పెట్టేచోట చేత్తో తడిమాడు. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు.

“దొంగ కాపీనా?”

“కాదు. ఎవరన్న వాడుకోవచ్చు. నీక్కావాలన్నా ఇస్త.”

అతను వేళ్లకంటిన దుమ్ము దులుపుకున్నాడు. ఓడిపోయిన మనిషిలా లేడు. మెల్లగా, ఈసారి ఉర్దూలో, పెద్దమనిషి తరహాలో అన్నాడు.

“మంచిది. చేసుకో. కానీ ఇల్లు అమ్మీది. అమ్మీ నాతో వస్తది, ఇల్లు కిరాయికిస్త. ఒక్కదానివి ఎక్కడుంటవ్? నలుగురు ఏమనుకుంటరు?”

హుమేరా విండోస్‌కు బదులు వెతికింది, లాక్‌కు బదులు వెతికింది, వేళ్లకు పట్టిక రాసుకుంది. దీనికి బదులు ఏమీ వెతకలేదు. ఇన్నాళ్లూ తానే ఉగ్గబట్టుకుని, దాచిపెట్టి, అబద్ధాలాడి నడిచిన దారి చివర గోడ ఉంది. ఇంతియాజ్ మంచం దగ్గరికి పోయి తల్లి చేయి పట్టుకున్నాడు.

“లే అమ్మీ, ఆటో ఆగి ఉంది.”

మున్నీబీ చేయి విడిపించుకుంది.

“మీ అన్న ఉన్నప్పుడు,” అంది, కొడుకు వైపు చూడకుండా, “ఫజర్ చదివి ఈ మిషన్ మీద కూసుంటుండె. టకటక కొడ్తుంటే ఆ సప్పుడుకు నాకు కన్నంటుకునేది. నా కొడుకు పక్కగదిలో ఉన్నడని ధీమా. వాడు పోయినంక నాలుగేండ్లు గోళీలు మింగిన. ఇప్పుడు మళ్ల ఆ సప్పుడు వస్తుంది. దీనికి వాడే నేర్పిండు గద, వాని లెక్కనే కొడ్తది. కొట్టి కొట్టి జరసేపు ఆగుతది, మళ్ల కొడ్తది, అచ్చం వాడే.” మంచం పట్టె మీద చేత్తో తట్టింది. “అందుకే మంచం ఈడికి ఏయించుకున్న. గద్వాలకు నన్ను తీస్కపోతవు సరే. ఆ సప్పుడును తీస్కపోతవా? నేను రాను బేటా. ఈ ఇల్లు ఎవరికీ కిరాయికియ్య.”

ఇంతియాజ్ ఏదో గుర్తొచ్చినట్టు జేబు తడుముకుని, లాక్ అక్కడే ఉందని చూసుకుని, బయటికి నడిచాడు. ట్రాలీ ఆటో గల్లీ మలుపు తిరిగేదాకా చప్పుడు వినిపించింది.

హుమేరా ఇన్ని రోజులూ ఆ మంచాన్ని తన మీద కాపలా అనుకుంది. ముసలామె మీద కక్ష పెట్టుకుంది. సిగ్గుతో ముఖం ఎత్తలేక, “అమ్మీ” అని మాత్రం అనగలిగింది.

మున్నీబీ గోడవైపు తిరిగి దుప్పటి లాక్కుంది.

“ఆపకు. కొట్టు.”

హుమేరా మీటల మీద వేళ్లు పెట్టింది. కళ్లలో నీళ్లు నిండి తెర కనబడటం లేదు, కానీ ఆ వేళ్లకు తెర అక్కర్లేదు. కొట్టింది. వెనక మంచం మీద శ్వాస బరువెక్కేదాకా ఆపకుండా కొడుతూనే ఉంది.